కండరముల నొప్పి మొదలు గ్రుడ్డు పచ్చసొన వరకు

చాలకాలము కుర్చీకి అంటిపెట్టుకొని జీవించిన మనుష్యుడొకడు, వైద్యుని హెచ్చరిక చేతనో, అద్దములో తన బొజ్జను తానే చూచుకొనగా కలిగిన సిగ్గు చేతనో, ఒక శుభముహూర్తమున జిమ్ములో చేరి, మొదటి దినముననే యాభై బస్కీలు తీసి, విజయోత్సాహముతో ఇంటికి మరలి, ఆ రాత్రి సుఖముగా నిద్రించి, మరునాటి మధ్యాహ్నము నుండి తొడలు పట్టివేయగా, మూడవనాటికి మేడమెట్లు నేరుగా దిగలేక గోడను పట్టుకొని ప్రక్కవాటుగా దిగుచుండును. ఇది ఏమని అడిగినచో వానికి శిక్షణమిచ్చువాడు తడుముకొనకుండ చెప్పు సమాధానమొక్కటియే: "ల్యాక్టిక్ యాసిడ్ చేరింది సార్, రెండు రోజుల్లో అదే పోతుంది."

ఈ మాట కేవలము కల్పితమై యుండినచో దీనిని గూర్చి ఇంత తీరికగా వ్రాయవలసిన పని లేదు. ఇది ఒకానొకప్పుడు నోబెల్ బహుమానమునకు నోచుకొన్న సిద్ధాంతమునకు దూరపు చుట్టము. ఆహార వ్యాయామములను గూర్చి మన చుట్టును వ్యాపించియున్న అపోహలను పరిశీలించుకొలది నాకు తోచునదేమనగా, వానిలో అధికభాగము శాస్త్రమెరుగని వారి ఊహల నుండి పుట్టలేదు. శాస్త్రజ్ఞులే ఒకనాడు నమ్మి పిదప విడిచిపెట్టిన అభిప్రాయములో, ఒక సందర్భమున సత్యములై యుండి ఆ సందర్భముతో సంబంధము తెగిపోయిన వాక్యములో ఇట్లు జనుల నోళ్ళలో మిగిలిపోవుచున్నవి. కనుకనే వానిని నవ్వి త్రోసివేయుట కష్టము.

ల్యాక్టిక్ ఆమ్లము కథనే చూడుడు. 1807లో స్వీడను దేశపు రసాయనశాస్త్రవేత్త బెర్జీలియస్ వేటకాండ్రు తరుమగా పరుగెత్తి అలసి చచ్చిన దుప్పుల కండరములయందు ఈ ఆమ్లమును కనుగొనెను. నూరేండ్ల తరువాత, 1907లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఫ్లెచర్, హాప్కిన్స్ అను ఇరువురు కప్ప కండరములను పరీక్షించి, ప్రాణవాయువు అందనప్పుడు వానియందు ఈ ఆమ్లము పెరుగుననియు, ప్రాణవాయువు తగిలినంతనే తరుగుననియు స్థాపించిరి. ఆ పిదప జర్మనీలో మైయర్‌హాఫ్, ఇంగ్లండులో హిల్ ఈ మార్గముననే ముందునకు పోయి, కండరము ముడుచుకొనుటకు మూలకారణమైన యంత్రాంగమే ల్యాక్టిక్ ఆమ్లమను సిద్ధాంతమునకు ప్రతిష్ఠ కల్పించి, 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును ఇరువురును పంచుకొనిరి. అంతటి పీఠముపై కూర్చున్న ఆమ్లమునకు అలసట, తిమ్మిరి, నొప్పి మున్నగు సమస్త కండర బాధలయొక్క బాధ్యతయు లోకులు అంటగట్టుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆ పీఠమును కదలించిన వారిలో ఒకడు తెలుగువాడగుట మనవారిలో పలువురకు తెలియని విషయము. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి పనిచేసిన యెల్లాప్రగడ సుబ్బారావు, రక్తమూత్రాదులయందలి భాస్వరమును అది పుట్టించు నీలివర్ణపు గాఢతను బట్టి కొలుచు సులభమైన పద్ధతిని 1925లో ఆ ఆచార్యునితో కూడి ప్రకటించెను. నేటికిని ప్రయోగశాలలలో ఆ ఇరువురి పేరుతో పిలువబడుచున్న ఆ పద్ధతిని కండరములకు అన్వయించి చూడగా, ఆమ్లము సోకినంతనే విచ్ఛిన్నమగు ఒక అస్థిర భాస్వర పదార్థము వారి కంటబడెను. కండరము పనిచేయునప్పుడు అది తరుగును, విశ్రమించునప్పుడు మరల నిండును. 1927లో వారు దానిని ఫాస్ఫోక్రియాటిన్ అని నిర్ధారించిరి. 1929లో, జర్మనీలో మైయర్‌హాఫ్ ప్రయోగశాలయందే పనిచేయుచుండిన లోమాన్ వలెనే, వీరును స్వతంత్రముగా కండరమునకు శక్తినిచ్చు ఎ.టి.పి. అను పదార్థమును వేరుపరచిరి. మరుసటి ఏట డెన్మార్కు దేశీయుడు లుండ్స్‌గార్డ్ ఒక విషముతో ల్యాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసిన కండరము సైతము కొంతసేపు నిరాటంకముగా ముడుచుకొనుచుండుటను చూపగా, పాత సిద్ధాంతమునకు ఊపిరి ఆగిపోయెను. దానిని నిర్మించిన హిల్ మహాశయుడే 1932లో దీనిని కండర శాస్త్రమున జరిగిన విప్లవమని ఒప్పుకొనెను. విప్లవము జరిగి తొంబదియేండ్లు దాటినను ఆ వార్త జిమ్ములకు ఇంకను చేరలేదు.

వాస్తవమునకు, పరుగు నిలిపిన గంట రెండు గంటలలో రక్తమునందలి ల్యాక్టేటు పూర్వస్థితికి వచ్చును. గుండె దానిని ఇంధనముగా స్వీకరించును. కాలేయము దానిని తిరిగి గ్లూకోజుగా మార్చును. దానిని వ్యర్థపదార్థముగా గాక ఒక అవయవము నుండి మరియొక అవయవమునకు పోవు ఇంధనముగా చూడవలెనని కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు జార్జి బ్రూక్స్ దశాబ్దముల తరబడి వాదించి, ఆ వాదమును నెగ్గించుకొనెను. రెండు గంటలలో మాయమగునది మూడవనాటి నొప్పికి కారణమెట్లగును? ఈ ఆలస్యపు నొప్పిని 1902లోనే థియొడోర్ హఫ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వర్ణించి, కండర తంతువులలో కలుగు సూక్ష్మమైన చీలికలే దీనికి హేతువు కావచ్చునని ఊహించియుండెను. నేటి శాస్త్రమును ఇంచుమించుగా ఆ త్రోవనే నడచుచున్నది. బరువును మోయుచు కండరము సాగవలసి వచ్చినపుడు, అనగా బస్కీలో క్రిందికి కూర్చొనునప్పుడు, మెట్లు దిగునప్పుడు, ఎత్తిన బరువును నెమ్మదిగా దించునప్పుడు, తంతువులలో ఈ సూక్ష్మ భంగము అధికముగా జరుగును; పిదప దానిని చక్కదిద్దుకొను ప్రయత్నములో వాపు, నొప్పి కలిగి, 24 గంటల నుండి 72 గంటల మధ్య తీవ్రమై, ఆపైన శమించును. సమతలముపై పరుగెత్తినవారిలో ల్యాక్టేటు పెరిగినను మరునాడు నొప్పి రాకపోవుటయు, పల్లమునకు పరుగెత్తినవారిలో ల్యాక్టేటు పెరుగకున్నను నొప్పి వచ్చుటయు 1983లో ప్రకటింపబడిన ఒక ప్రయోగమున స్పష్టముగా కనబడినది. ఇంతకంటె తేటయైన సాక్ష్యము న్యాయస్థానములలో సైతము దొరకదు.

మరియొక ముఖ్యవిషయము: అదే వ్యాయామమును కొలది వారములకు మరల చేసినచో నొప్పి మిక్కిలి తక్కువగా నుండును, బలము మాత్రము పెరుగుచునే యుండును. కావున నొప్పి పుట్టనిదే వ్యాయామము ఫలింపలేదని తలచి, ప్రతిదినము నొప్పిని వెదకుకొనువాడు బలమును గాక గాయమును సంపాదించుకొనును. ఇక నొప్పి కీలునందు పుట్టినను, ఒక్క పార్శ్వముననే పుట్టినను, వారము దాటినను, మూత్రము టీ డికాక్షను రంగునకు తిరిగినను అది ఈ సాధారణపు నొప్పి కాదు, వైద్యుని చూడవలసినదే.

నొప్పి తరువాత మనవారికి అంత ప్రీతిపాత్రమైనది చెమట. తీరప్రాంతమున వైశాఖ జ్యేష్ఠములలో ఊరక కూర్చున్నవానికిని చెమటలు ధారకట్టుననునది ఎరిగియు, చెమట ఎంత కారిన అంత కొవ్వు కరిగినదని నమ్మి, గాలి చొరని దుస్తులు తొడుగుకొనువారు, నడుమునకు ప్లాస్టిక్ చుట్టుకొని నడచువారు కలరు. నడక ముగించి త్రాసుపై నిలిచినచో అరకిలో తగ్గినట్లు కనబడునుగదా యని వారి వాదము. తగ్గినది నీరు, రెండు గ్లాసులు త్రాగినంతనే అది తిరిగి వచ్చి చేరును. చెమట శరీరమును చల్లబరచు ఉపాయము మాత్రమే. ఒక లీటరు చెమట చర్మముపై ఆవిరియగునప్పుడు సుమారు 580 కెలోరీల ఉష్ణమును తనతో కొనిపోవును. ఈ అంకెను చూచి ఎవరైనను అన్ని కెలోరీల కొవ్వు ఖర్చయినదని సంతోషింతురేమో, అది సరికాదు. అది అప్పటికే పుట్టియున్న వేడిమిని బయటికి పంపుటయేగాని క్రొత్తగా దేనిని దహించుట కాదు. గాలిలో తేమ హెచ్చుగా నున్నపుడు చెమట ఆవిరికాక నేలపై బొట్లు బొట్లుగా రాలును. ఆ బొట్టు వలన చల్లదనము గూడ లేదు. అట్టి ఉక్కలో ప్లాస్టిక్ చుట్టుకొని పరుగెత్తుట వడదెబ్బకు ఆహ్వానపత్రిక.

చెమటలో పోనిచో కొవ్వు ఎట్లు పోవుచున్నది? ఈ ప్రశ్నను ఆస్ట్రేలియాలో రూబెన్ మీర్‌మన్, ఆండ్రూ బ్రౌన్ అను ఇరువురు, వైద్యులను, ఆహార నిపుణులను, వ్యాయామ శిక్షకులను అడుగగా సగమునకు పైగా మంది అది వేడిగా మారిపోవుననిరి. ద్రవ్యరాశి అట్లు మాయమగుట రసాయనశాస్త్రమునకు పొసగదు. 2014లో బ్రిటిషు మెడికల్ జర్నలులో వారు వేసి చూపిన లెక్క ప్రకారము, పది కిలోల కొవ్వు శరీరమున పూర్తిగా దగ్ధమైనచో అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితిత్తుల ద్వారమునను, మిగిలిన 1.6 కిలోలు నీరుగాను వెడలిపోవును. అనగా మన కొవ్వులో అధికాంశము నాసికారంధ్రముల గుండ నిష్క్రమించుచున్నది. ఈ మాట విని వడివడిగా ఊపిరి తీసినచో సన్నబడుదుమని ఒక క్రొత్త అపోహ పుట్టకుండునుగాక! శక్తి ఖర్చు కానిదే కొవ్వు దగ్ధము కాదు. ఊరక రొప్పినచో తల తిరుగుట తప్ప ఫలము లేదు.

బొజ్జను మాత్రమే కరిగింపవలెనను కోరిక అన్ని కోరికలలోను గాఢమైనది. దానిపై ఎన్ని యంత్రములు, ఎన్ని పట్టీలు, ఎన్ని వీడియోలు జీవించుచున్నవో లెక్కకు అందదు. కండరము తన పైనున్న కొవ్వునే తిని పనిచేయునన్నచో, ఒక్క చేతితోనే ఏండ్ల తరబడి రాకెట్టు తిప్పు టెన్నిసు ఆటగాని ఆ చేయి రెండవ చేతికంటె పలుచని కొవ్వుతో ఉండవలెను. 1971లో కొలిచి చూడగా ఆ చేతి కండరము పెద్దదియేగాని చర్మము క్రింది కొవ్వు పొర మందము రెండు చేతులకును సమానమే. 1984లో పదుమూడుగురు పురుషుల చేత ఇరువదియేడు దినములలో ఐదువేలకు పైగా సిటప్‌లు తీయించి, కడుపు, వీపు, పిరుదుల నుండి కొవ్వుకణములను సూదితో తీసి పరీక్షింపగా, మూడు చోట్లను అవి ఒకే రీతిగా స్వల్పముగా చిక్కినవి. బిందెలో ఏ మూల చెంబు ముంచినను నీటిమట్టమంతయు కలిసియే దిగినట్లు, శరీరము తన నిల్వలను రక్తము ద్వారా అన్ని దిక్కుల నుండియు తెప్పించుకొనును. ఏ చోట ముందు తరుగవలెనో నిర్ణయించునది వంశము, వయస్సు, స్త్రీపురుష భేదము, హార్మోనులు. మన ఇష్టమునకు అందు ప్రమేయము లేదు.

దినమునకు పదివేల అడుగులు నడువవలెనను శాసనము ఏ వైద్యగ్రంథమున పుట్టినదని వెదకినచో నిరాశయే కలుగును. టోక్యో ఒలింపిక్ క్రీడలు జరిగిన మరుసటి ఏట, 1965లో, యమాసా అను జపాను గడియారముల సంస్థ నడుమునకు తగిలించుకొను అడుగుల లెక్కింపు యంత్రమునకు "పదివేల అడుగుల మాపకము" అను అర్థము వచ్చు పేరు పెట్టి విక్రయించెను. అంకె గుండ్రముగా నున్నది, నోటికి అందముగా నున్నది; లోకము దానిని స్వీకరించినది. హార్వర్డు ఆచార్యురాలు ఐ-మిన్ లీ బృందము సగటున 72 ఏండ్ల వయస్సు గల పదహారువేలకు పైగా అమెరికా స్త్రీల అడుగులను కొలిచి 2019లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, దినమునకు 2,700 అడుగుల వారికంటె 4,400 అడుగుల వారిలోనే మరణములు గణనీయముగా తక్కువ. సుమారు 7,500 దాటిన పిదప అదనపు లాభమేమియు కనబడలేదు. మోకాళ్ళు సహకరింపక నాలుగువేలతో ఆగిపోయి, చేతిగడియారము మందలించుచున్నదని దిగులుపడు పెద్దలకు ఈ అంకెలు చెప్పవలసియున్నది.

నడక మంచిదనుటకు సాక్ష్యము ఆ యంత్రముకంటె పాతది, గట్టిది. లండను నగరపు రెండంతస్తుల బస్సులలో దినమంతయు కూర్చుండి నడుపు డ్రైవర్లను, టిక్కెట్ల కొరకు దినమునకు ఐదువందలకు పైగా మెట్లు ఎక్కి దిగు కండక్టర్లను పోల్చి చూచి, కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగాను, వచ్చినను అంత ప్రాణాంతకములు గాకను ఉండుటను జెరెమీ మోరిస్ 1953లో ప్రకటించెను. అయితే ఆ మహానుభావుడు అక్కడితో తృప్తిపడి ఊరకుండలేదు. సహజముగానే స్థూలకాయులు డ్రైవరు ఉద్యోగమును కోరి పోవుచున్నారేమో యని సందేహించి, వారికి సంస్థ కుట్టించి యిచ్చిన యూనిఫారముల నడుము కొలతలను తెప్పించి చూడగా, డ్రైవర్ల పంట్లాములు తొలినాళ్ళ నుండియే వెడల్పుగా నున్నట్లు తేలినది. ఆ సంగతిని గూడ 1956లో తానే ప్రకటించెను. తన సిద్ధాంతమునకు అడ్డువచ్చు కొలతలను తానే వెదకి తెచ్చిన ఈ నిజాయితీ ఎందరికి అలవడును! ఆ తరువాత ఇతర ఉద్యోగులపై జరిగిన పరిశోధనలు సైతము చురుకైన నడవడి గుండెకు రక్షణమనియే తేల్చినవి.

గుండెకు, చక్కెర నియంత్రణమునకు, రక్తపు పోటునకు, నిద్రకు ఇంత మేలు చేయు వ్యాయామమునకు, అది చేయజాలని ఒక పనిని అప్పగించి, చేయలేదని దానినే నిందించుట మనకు అలవాటైనది. ఆ పని బరువు తగ్గించుట. అరువది కిలోల మనుష్యుడు గంటసేపు చురుకుగా నడచినచో ఖర్చగు శక్తి రమారమి 200 కెలోరీలు. ఇరువదిరెండు గ్రాముల నూనెలో అంత శక్తియు కలదు. నడక ముగించి దారిలోని బండి వద్ద ఆగి ఒక ప్లేటు మిరపకాయ బజ్జీలు తిన్నవాడు, తాను నడచినది వృథాయైనదని గాక, తన లెక్క వృథాయైనదని గ్రహింపవలెను. అంతియేగాక, టాంజానియాలో నేటికిని వేటాడి, దుంపలు త్రవ్వుకొని జీవించు హాడ్జా జనులు దినమునకు వెచ్చించు మొత్తము శక్తి, వారి శరీర పరిమాణమును లెక్కలోనికి తీసికొన్నచో, నగరములలో కూర్చుండి జీవించువారి ఖర్చునకు ఇంచుమించు సమానమేయని హెర్మన్ పాంట్జర్ బృందము 2012లో కనుగొనెను. శరీరము ఒక వైపు అధికముగా ఖర్చయినప్పుడు మరియొక వైపు పొదుపు చేయుచున్నదేమో యను చర్చ ఇంకను సాగుచున్నది. బరువు విషయమున కంచమునకు గల పలుకుబడి కాళ్ళకు లేదు.

ఇక కంచము వద్దకు వత్తము. తెలుగు దేశమున మధుమేహమను మాట వినబడినంతనే మొదట బహిష్కృతమగునది అన్నము, సింహాసనమెక్కునది చపాతి. "రాత్రిపూట అన్నం మానేశానండి, చపాతీలే" అని గర్వముగా చెప్పుకొనని ఇల్లు అరుదు. వంద గ్రాముల బియ్యములో సుమారు 350 కెలోరీలు, వంద గ్రాముల గోధుమపిండిలో సుమారు 340 కెలోరీలు గలవు. రెంటిలోను అధికభాగము పిండిపదార్థమే. గోధుమలో మాంసకృత్తులు కొంత హెచ్చు, పొట్టు తీయని పిండియైనచో పీచు హెచ్చు. ఆ మేరకు దానికి ఆధిక్యము నిజమే. కాని అన్నమును లెక్కలేక వడ్డించుకొనుటయు, చపాతీలను లెక్కించి పెట్టుకొనుటయు మన ఆచారము. చపాతి వలన కలిగినదని తలచు మేలు చాలవరకు ఈ లెక్కింపు వలన కలిగినదే. నాలుగు చపాతీలు నూనెతో కాల్చుకొని, బంగాళాదుంప కూరతో తిని, పైగా పెరుగన్నము కొంచెమని కలుపుకొనువారికి ఆ మేలును దక్కదు. కంచములో సగము కూరలతోను, పప్పుతోను, పెరుగుతోను నిండిన పిదప మిగిలిన స్థలమున పెట్టుకొన్న పట్టెడు అన్నము అంత ద్రోహి కాదు. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలును ధాన్యమును మానుమనలేదు. దినపు శక్తిలో ధాన్యముల, చిరుధాన్యముల వాటా 45 శాతమునకు మించనీయవలదని చెప్పినవి.

హైదరాబాదు తార్నాకలో నున్న ఆ సంస్థ పుట్టుకయే బియ్యముతో ముడివడియున్నది. 1918లో కూనూరు పాశ్చర్ సంస్థలో ఒక్క గదిలో రాబర్టు మెకారిసన్ బెరిబెరి వ్యాధిని శోధించుటకై నెలకొల్పిన విభాగమే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో నేటి పేరు ధరించినది. మెకారిసన్ ఆ పని మొదలుపెట్టుటకు ఇరువదియేండ్లకు పూర్వమే జావాద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, ఆసుపత్రి వంటయింటి తెల్లని అన్నము తిన్న కోళ్ళకు కాళ్ళు చచ్చుపడుటయు, క్రొత్త వంటవాడు ఆ మేలైన అన్నమును కోళ్ళకు వేయనొల్లక ముడిబియ్యము వేయగా అవి కోలుకొనుటయు కనిపెట్టియుండెను. 1929లో అతనికి నోబెల్ బహుమానములో భాగము దక్కినది. బియ్యపు పై పొరలో బి-1 విటమిను కలదు. మర పట్టి తెల్లగా చేసినపుడు అది తవుడుతో పోవును. ధాన్యమును నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి ఆడించిన ఉప్పుడుబియ్యములో ఆ విటమిను గింజలోనికి ఇంకి నిలిచియుండును. అందుచేతనే ఉప్పుడుబియ్యము తిను ప్రాంతములు చాలవరకు తప్పించుకొనగా, పచ్చిబియ్యము మర పట్టించి తిను ఉత్తర సర్కారులు, అనగా మన కోస్తా జిల్లాలు, బెరిబెరికి ఆటపట్టులైనవి. అన్నమునకు గంజి వార్చి పారబోయుట ఆ నష్టమును మరింత పెంచినది. బియ్యమును గూర్చి భయపడదగిన చారిత్రక సత్యమొకటి ఉన్నదన్నచో అది ఇదియే. నేటి భయము దాని స్థానమున కూర్చున్నది.

అన్నము స్థానమున చిరుధాన్యములు వచ్చుట మంచిదే. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము కలదు, అది పాలకంటె ఎక్కువ. అయితే కొర్రలనైనను, సామలనైనను పొట్టు తీసి, తెల్లగా మెరుగుపెట్టి, రవ్వగా ఆడించి, నెయ్యి దండిగా పోసి ఉప్మా చేసికొనినచో పేరు మారునుగాని ప్రవర్తన మారదు. రాగి బిస్కత్తులను గూర్చి చెప్పవలసినది లేదు. పొట్లము వెనుక సన్నని అక్షరములలో మైదా, చక్కెరల పేర్లు ముందు వరుసలోనే కనబడును.

నూనె సీసాలపై "కొలెస్టరాల్ లేనిది" అని ముద్రించుట వ్యాపారుల చమత్కారములలో శ్రేష్ఠమైనది. కొలెస్టరాలు జంతుశరీరమున పుట్టు పదార్థము. వేరుసెనగ, నువ్వు, ప్రొద్దుతిరుగుడు గింజలలో అది లెక్కింపదగినంత ఎన్నడును లేదు. లేనిదానిని లేదని ప్రకటించి, గ్రాముకు తొమ్మిది కెలోరీలు కలవను సంగతిని మరుగుపరచుట వలన, ఆ నూనెను ధారాళముగా పోసినను దోషము లేదను భ్రాంతి వ్యాపించినది. మరియొక వైపున గ్రుడ్డు పచ్చసొన నేరస్థుని వలె చూడబడినది. ఒక్క పచ్చసొనలో సుమారు 200 మిల్లీగ్రాముల కొలెస్టరాలు కలదనుట సత్యము. కాని రక్తమునందలి కొలెస్టరాలులో పెద్దభాగము మన కాలేయము స్వయముగా తయారుచేయునది, పెక్కుమందిలో దానిని హెచ్చించునది పచ్చసొనకంటె సంతృప్త కొవ్వులు. అందుచేతనే అమెరికా ప్రభుత్వపు ఆహార సూచనలు దినమునకు 300 మిల్లీగ్రాములను పాత పరిమితిని 2015లో విడిచిపెట్టినవి. తెల్లసొన మాత్రము తిని, పచ్చసొనను పారవేసి, ఆ తరువాత డాల్డాతో చేసిన జిలేబీ తిను ఆరోగ్యవంతులను నేనెరుగుదును.

మిగిలినవి త్వరగా చెప్పవచ్చును. ప్రొటీను పొడి లేనిదే కండ పెరుగదను యువకులకు: పెద్దవారికి కిలో బరువుకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని మన జాతీయ ప్రమాణము. అరువది కిలోలవానికి యాభై గ్రాములు. కందిపప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప, సెనగలు గల ఇంటిలో అది దుర్లభము కాదు. బరువులెత్తువారికి కొంత హెచ్చు కావలెను, అదియు వంటయింటిలోనే దొరకును. దినమునకు ఎనిమిది గ్లాసుల నీరు విధిగా త్రాగవలెనను నియమము 1945 నాటి అమెరికా సిఫారసు నుండి వచ్చినదని పలువురందురు. ఆ వాక్యమునకు వెనువెంటనే, ఆ నీటిలో అధికభాగము తిను ఆహారముననే కలదను వాక్యము ఉన్నది, దానిని ఎవరును చదువలేదు. చారు, మజ్జిగ, పండ్లు, అన్నము, అన్నియు నీటిని మోసికొని వచ్చునవే. ఎండలో పనిచేయువాడు ఎనిమిదితో సరిపెట్టుకొనరాదు, మూత్రపిండములు దెబ్బతిన్నవాడు వైద్యుడు చెప్పినంతకు మించరాదు. పరగడుపున వేడినీటిలో తేనె, నిమ్మరసము కలిపి త్రాగినచో శరీరమందలి విషములు కడిగివేయబడునందురు. రక్తమును దినమునకు సుమారు 180 లీటర్లు వడగట్టు మూత్రపిండములకు ఆ గ్లాసు సహాయము అక్కరలేదు, ఆ చెంచాడు తేనెలో నున్నది ముఖ్యముగా చక్కెరయే. రుచికొరకు త్రాగువారికి అభ్యంతరము లేదు.

ఈ అపోహలలో చాలభాగము వలన నష్టపోవునది డబ్బు, కాలము, కొంత ఓపిక. ఒక్క విషయమున మాత్రము నష్టము ప్రాణమునకే రావచ్చును గనుక పాఠకులకు మనవి చేయుచున్నాను. మీ ఇంటిలో ఇన్సులిను తీసికొనువారు గాని, రక్తమునందలి చక్కెరను దించు మాత్రలు మ్రింగువారు గాని ఉన్నయెడల, వారి మందు మోతాదు వారు అంతవరకు తినుచుండిన భోజనమునకు సరిపడ నిర్ణయింపబడినదని గుర్తుంచుకొనుడు. ఎవరో చెప్పిరని ఒక్క దినమున అన్నము మానినను, ఉపవాసములు మొదలుపెట్టినను, క్రొత్తగా గంటల తరబడి నడువసాగినను, పాత మోతాదు అధికమై రక్తమునందలి చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల దిగువకు పడిపోవచ్చును. చేతులు వణకుట, చల్లని చెమట పట్టుట, మాట తడబడుట కనబడినచో వెంటనే చక్కెర కలిపిన నీరు గాని గ్లూకోజు గాని ఇయ్యుడు. స్మృతి తప్పినచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి కొనిపొండు. భోజనము మార్చుకొనుట మంచి సంకల్పమే కావచ్చును, కాని ఆ మార్పునకు ముందే వైద్యునితో చెప్పి మందు మోతాదు సరిచేయించుకొనుడు.